సంఘం పెద్దలకు: ఈసారి బతుకమ్మకి అమిగోలను పేరుతో పిలుద్దాం

డాలస్ ఉత్తర శివార్లలోని మన తెలుగు సంఘం కార్యవర్గానికి, కల్చరల్ కమిటీకి, వాలంటీర్లందరికీ నమస్తే.

ఈ ఏడాది బతుకమ్మ, దసరా సంబరాలకి సలహాలుంటే పంపమని మీరు మెయిల్ పెట్టారు. నా దగ్గరున్నది ఒకటే సలహా. కానీ అది రెండు లైన్లలో పట్టేది కాదు, పైగా కమిటీలోని పదిమందికే కాకుండా నాతో సహా అందరికీ తగలాల్సిన మాట, అందుకే బహిరంగంగా రాస్తున్నా. కోపం తెచ్చుకోకుండా చదవండి. తెచ్చుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి.

పోయినేడు మన కార్యక్రమం అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. హాలు పదిన్నరకే ఖాళీ చేస్తామని రాసిచ్చాం, ఎప్పట్లాగే చేయలేదు. నేలంతా పేపర్ ప్లేట్లు, బిర్యానీ మెతుకులు, తొక్కేసిన బంతిపూలు, సగం తాగి వదిలేసిన నీళ్ల బాటిళ్లు. అప్పుడు మైకు పట్టుకున్న అన్న నవ్వుతూ "ప్లేట్లు ఎక్కడివక్కడ వదిలేసి బయల్దేరండి, అమిగోలు వచ్చి ఎత్తేస్తారు" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, దాచను. గోడ పక్కన చెత్త డబ్బాల బండి పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఐదు గంటలు తెలుగులో సాగిన ఆ కార్యక్రమంలో వాళ్లకి అర్థమైన మాట బహుశా అదొక్కటే, ఎందుకంటే అది వాళ్ల భాషలో మాట. పిలిచారేమో అనుకుని ఇద్దరూ తలెత్తి స్టేజీ వైపు చూశారు. మేం నవ్వడం చూశారు. మళ్లీ తల దించుకుని చేతులకి గ్లవ్స్ వేసుకోవడం మొదలుపెట్టారు.

అమిగో అంటే స్పానిష్‌లో స్నేహితుడు. ఆడవాళ్లయితే అమిగా. "ఎవరో ఒక అమిగోని పట్టుకో, రెండొందల డాలర్లలో ఫెన్స్ అయిపోతుంది" అని మన గ్రూపుల్లో వారానికోసారి ఎవరో ఒకరు రాస్తుంటారు కదా, అక్కడ ఆ మాటకి స్నేహితుడనే అర్థం ఉందా చెప్పండి. తక్కువ డబ్బులకి దొరికే, పేరు అడగక్కర్లేని మనిషి అని అర్థం. ఢిల్లీలోనో ముంబైలోనో మనల్ని 'మద్రాసీ' అంటే ఒళ్లు మండిపోయేది, "మాది హైదరాబాద్, మాది విజయవాడ" అని గొంతు చించుకునేవాళ్లం. ఇక్కడికొచ్చాక గ్వాటెమాలా మనిషినీ, వెనిజులా మనిషినీ, తాత ముత్తాతల నుంచి టెక్సస్‌లోనే పుట్టి పెరిగి స్పానిష్ సరిగా రాని మనిషినీ కలిపి ఒకే గాటన కట్టేస్తున్నాం.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మన బతుకమ్మ చాలా ఏళ్లు సెప్టెంబర్ 15కీ అక్టోబర్ 15కీ మధ్యలోనే పడుతుంది. ఈ దేశంలో ఆ ముప్పై ఒక్క రోజులూ హిస్పానిక్ హెరిటేజ్ నెల, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల వారసత్వాన్ని తలచుకునే నెల, లాటినో హెరిటేజ్ అని కూడా అంటారు. నెల మధ్యలో మొదలయ్యే నెలేంటని నేనూ అనుకునేదాన్ని. 1821 సెప్టెంబర్ 15న గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగువా, కోస్టారికా ఐదూ ఒకేసారి స్పెయిన్ నుంచి బయటపడ్డాయి. పదహారు మెక్సికోది, పద్దెనిమిది చిలీది. మనకి ఆగస్టు 15 ఎలాగో వాళ్లకి ఆ వారం అలాగ. 1968లో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ దీన్ని వారం రోజుల వేడుకగా మొదలుపెట్టాడు, 1988లో రేగన్ కాలంలో అది నెలయింది.

ఈ జాన్సన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే మన కథ కూడా ఆయన దగ్గరే మొదలవుతుంది. 1928లో, ఇరవయ్యేళ్ల వయసులో, కాలేజీ ఫీజుకి డబ్బుల్లేక చదువు మధ్యలో ఆపి, శాన్ ఆంటోనియో నుంచి లరేడో పోయే దారిలో ఉన్న కొటుల్లా అనే ఊళ్లో టీచరుగా చేరాడు. అది మెక్సికన్ పిల్లలకని విడిగా పెట్టిన బడి. పిల్లలు పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్లు, తమని ఎందుకు చిన్నచూపు చూస్తారో వాళ్లకి అర్థమయ్యేది కాదు. 1965 మార్చి 15న ఓటు హక్కు చట్టం కోసం అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి మాట్లాడుతూ ఆయన తలచుకున్నది ఆ కొటుల్లా పిల్లల్నే. అదే ఏడాది అక్టోబర్ 3న స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ కింద కూర్చుని కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు ఇండియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడడానికి కోటా ఎంతో తెలుసా? ఏడాదికి వంద మంది. మొత్తం దేశానికి. పోయినేడు మన బిర్యానీ లైన్లో అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు.

అయితే ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. మనకి తలుపు తీసిన ఆ కాగితమే వాళ్లకి తలుపు సగం మూసింది. అంతకుముందు మెక్సికో లాంటి దేశాలకి సంఖ్య మీద పరిమితి లేదు. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో పొలాల్లో మనుషులు చాలక అమెరికానే పిలిచి పని ఇచ్చింది. 1942 నుంచి 1964 దాకా నడిచిన ఆ బ్రాసెరో పథకం కింద రాసుకున్న కాంట్రాక్టులు నలభై ఆరు లక్షలు. ఆ పథకం 1964తో ఆపేశారు, 1965 చట్టం మొదటిసారి ఉత్తర, దక్షిణ అమెరికాలున్న ఈ అర్ధగోళం మొత్తానికి ఏడాదికి లక్షా ఇరవై వేలని గీత గీసింది, 1976లో దేశానికి ఇరవై వేలనే పరిమితి మెక్సికోకీ పెట్టేశారు. పొలం అదే, పంట అదే, కోసే చేతులూ అవే. మారింది కాగితమే, నిన్నటి దాకా బస్సులు పెట్టి తెచ్చుకున్న మనిషి ఇవాళ ఇల్లీగల్ అయ్యాడు.

"మనం లైన్లో నిలబడి లీగల్‌గా వచ్చాం కదా" అని మీలో కనీసం ఇద్దరు ఈపాటికి అనుకుంటూ ఉంటారు. నేనూ పదకొండేళ్లు ఆ లైన్లో ఉన్నదాన్నే, ఆ టెన్షన్ నాకు తెలుసు. గ్రీన్‌కార్డు లైను ఎక్కడిదాకా కదిలిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా రాగానే ఏం చేస్తాం? ఇండియా కాలమ్ చూస్తాం, తేదీ వారం కదిలిందా నెల కదిలిందా, వెనక్కి పోయిందా చూసి తిట్టుకుని మూసేస్తాం. ఈసారి మూసే ముందు ఇండియా పక్కనున్న కాలమ్ చూడండి. మెక్సికో. సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు సొంత అన్నకో చెల్లికో పెట్టిన దరఖాస్తు ఇరవై ఏళ్లకు పైగా కదలకుండా అక్కడే ఉంది. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అనే రూలు మనల్ని ఎలా నలుపుతోందో వాళ్లనీ అలాగే నలుపుతోంది. అన్నదమ్ముల లైన్ అయినా వాళ్లకి ఉంది, ఇక్కడ సొంతవాళ్లెవరూ లేని కూలి మనిషికి అసలు నిలబడడానికి లైనే లేదు. పొలం పని, రూఫింగ్ పని చేసేవాడికి గ్రీన్‌కార్డు ఇచ్చే దారి కాగితం మీద ఉన్నా, ఏడాదికి ఐదో పదో వేల మందికి మించి దొరకదు.

పిల్లల సంగతికొద్దాం. మన పిల్లలు ఏ బడికి పోతున్నారో, స్కూల్ రేటింగ్ తొమ్మిదా పదా అనేది చూసే కదా మనం ఇళ్లు కొన్నది. 1940లలో కాలిఫోర్నియాలో, ఆరెంజ్ కౌంటీ వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊళ్లో, ఒక మేనత్త తన పిల్లల్నీ, అన్న పిల్లల్నీ వెంటబెట్టుకుని దగ్గర్లోని బడికి తీసుకెళ్లింది. తన పిల్లలు కాస్త తెల్లగా ఉంటారు, ఇంటిపేరు విదౌర్రి, వినడానికి ఫ్రెంచి పేరులా ఉంటుంది. వాళ్లని చేర్చుకుంటామన్నారు. అన్న పిల్లలు నల్లగా ఉంటారు, ఇంటిపేరు మెండెజ్. వాళ్లని మెక్సికన్ బడికి పొమ్మన్నారు. ఆ బడి పక్కనే పశువుల మేతబీడు, దానికి కరెంటు కంచె. మేనత్త ఎవరినీ చేర్చకుండా అందర్నీ వెనక్కి తీసుకొచ్చేసింది. ఈ ఒక్క సంగతి నేను మా అమ్మకి చెప్తే, "రంగు చూసి రానియ్యలేదా, మన దగ్గర కులం చూసి రానియ్యనట్టే" అంది. ఇంకేం మాట్లాడలేకపోయాను.

ఆ తండ్రి గొంజాలో మెండెజ్ కౌలు రైతు. కౌలుకి చేస్తున్న భూమి ఒక జపనీస్ కుటుంబానిది, యుద్ధకాలంలో వాళ్లని ప్రభుత్వం క్యాంపుల్లో పెట్టేసింది. తల్లి ఫెలిసిటాస్ ప్యూర్టో రికో మనిషి. ఆయన కోర్టుల చుట్టూ, సాక్షుల చుట్టూ తిరుగుతుంటే పొలం ఆమె చూసుకుంది. ఇంకో నాలుగు కుటుంబాలతో కలిసి, ఐదువేల మంది పిల్లల తరఫున కేసు వేశారు. 1946లో గెలిచారు, 1947లో పై కోర్టు కూడా అదే చెప్పింది. ఇప్పుడు మనకి సంబంధించిన ముక్క. అప్పటి కాలిఫోర్నియా చట్టంలో చైనీస్, జపనీస్ పిల్లలకి వేరే బడులు పెట్టుకోవచ్చని నలుపు తెలుపుల్లో రాసి ఉండేది. మెండెజ్ తీర్పు తర్వాత అదే ఏడాది ఆ సెక్షన్లని గవర్నర్ ఎర్ల్ వారెన్ సంతకంతో ఎత్తేశారు. ఏడేళ్ల తర్వాత దేశమంతటా నల్లపిల్లల విడి బడులు చెల్లవని 1954లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ కూడా ఆ వారెనే. కూపర్టినోలోనో ఫ్రీమాంట్‌లోనో ఏషియన్ పిల్లలతో నిండిపోయిన క్లాస్‌రూమ్ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఆ కరెంటు కంచె గుర్తొస్తుంది. మనం ఆ కేసులో పైసా పెట్టలేదు. ఆనాడు చిన్నపిల్లగా వెనక్కి తిరిగొచ్చిన సిల్వియా మెండెజ్‌కి 2011లో ఒబామా దేశంలోనే పెద్ద పౌర పురస్కారం ఇచ్చాడు. మన సంఘంలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

పిల్లలకి రోల్ మోడల్ కావాలని ప్రతి ఏడాదీ ఏదో స్టార్టప్ సీఈఓని పిలుస్తాం కదా. హోసే హెర్నాండెజ్ గురించి చెప్పండి ఒకసారి. కాలిఫోర్నియా పొలాల వెంట తిరుగుతూ దోసకాయలు, స్ట్రాబెర్రీలు కోసిన కుటుంబం, పన్నెండేళ్లదాకా ఇంగ్లీషు సరిగా రాని పిల్లాడు. ఇంజనీరై లివర్‌మోర్ ల్యాబ్‌లో చేరాడు (మనవాళ్లకి లివర్‌మోర్ అంటే శివ విష్ణు గుడి, అదే ఊళ్లో ఆ ల్యాబ్ ఉన్న సంగతి ప్రసాదం లైన్లో గుర్తుకు రాదు), అక్కడ రొమ్ము క్యాన్సర్‌ని తొందరగా పట్టుకునే డిజిటల్ మామోగ్రఫీ మీద పని చేశాడు. ఆస్ట్రోనాట్ అవుతానని నాసాకి దరఖాస్తు పెడితే పదకొండుసార్లు కాదన్నారు. పన్నెండోసారి తీసుకున్నారు, 2009లో డిస్కవరీ షటిల్‌లో అంతరిక్షానికి వెళ్లొచ్చాడు. హ్యూస్టన్‌లో జాన్సన్ స్పేస్ సెంటర్‌కి 2013 నుంచి 2018 దాకా డైరెక్టర్‌గా ఉన్న ఎలెన్ ఓచోవా కూడా మెక్సికన్ మూలాలున్నావిడే. మనం ఇంట్లో వాడే స్ప్రే డబ్బాల్లోని గ్యాసు ఓజోన్ పొరని తినేస్తుందని 1974లో చెప్పిన ఇద్దరిలో ఒకరైన మారియో మొలీనా మెక్సికో సిటీలో పుట్టాడు, నోబెల్ వచ్చింది.

అయితే నోబెల్ వచ్చినవాళ్లని మాత్రమే లెక్కపెట్టి, మిగతావాళ్లని వదిలేసే అలవాటు మనకి బాగా ఉంది. మనవాళ్ల విషయంలోనూ అంతే, సీఈఓ మనవాడు, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడు ఎవరో. అందుకని పొట్టి పార గురించి చెప్తాను. కాలిఫోర్నియా పొలాల్లో కూలీలకి అడుగో అడుగున్నరో పిడి ఉన్న పార ఇచ్చేవాళ్లు, వాళ్ల మాటలో ఎల్ కోర్తీతో, పొట్టిది అని. పొడుగు పిడి ఇవ్వడానికి ఖర్చేం కాదు. పొట్టిదయితే మనిషి వంగి ఉంటాడు, ఎవడు నడుం ఎత్తాడో మేస్త్రీకి దూరం నుంచే కనిపిస్తుంది. ఎన్నేళ్లో కొట్లాడితే 1975లో దాన్ని ఆపించారు. కలుపు తీసి తీసి నడుం వంగిపోయి చివరిదాకా నిటారుగా నడవలేకపోయిన మా నాయనమ్మని చూసినదాన్ని, ఇది చదివిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు. ద్రాక్ష తోటల సమ్మె కూడా అంతే, 1965 సెప్టెంబర్‌లో డెలానోలో ఫిలిప్పీన్స్ కూలీలు మొదలుపెడితే, మెక్సికో స్వాతంత్ర్య దినమైన 16వ తేదీన మెక్సికన్ కూలీలు కూడా కలవాలని తీర్మానించారు, ఐదేళ్లు నడిచింది. వేరే దేశం వాళ్ల గొడవ మనకెందుకని ఆ రోజు వాళ్లు అనుకోలేదు.

2024 మార్చి 26 గుర్తుందా? బాల్టిమోర్‌లో ఓడ తగిలి వంతెన కూలిన రాత్రి. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది ఇండియన్స్. మన గ్రూపులో పొద్దున్నుంచీ అదే మాట, "మనవాళ్లంతా క్షేమమేనట, మనవాళ్లే సిగ్నల్ ఇచ్చి ట్రాఫిక్ ఆపించారట" అని. క్షేమం సంగతి నిజమే, సిగ్నల్ ఇచ్చింది మాత్రం ఓడలో ఉన్న ఇక్కడి పైలట్, దానివల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి. కానీ ఆ అర్ధరాత్రి వంతెన మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు పోయారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవాళ్లు. మర్నాడు పొద్దున ఆఫీసుకి పోయేవాళ్ల కారు గుంతలో పడకూడదని రాత్రి ఒంటిగంటన్నరకి పనిలో ఉన్నారు. మన గ్రూపులో ఆ ఆరుగురి గురించి ఒక్క మెసేజ్ రాలేదు, నేను వెనక్కి పోయి వెతికాను. నేనూ పెట్టలేదు.

2019 ఆగస్టులో ఎల్ పాసోలో ఇరవై ముగ్గురిని కాల్చి చంపినవాడు, టెక్సస్ మీదకి హిస్పానిక్ వాళ్లు దండెత్తి వస్తున్నారని రాసి మరీ చంపినవాడు, ఎక్కడి నుంచి కారు నడుపుకుంటూ పోయాడో మీకందరికీ తెలుసు. అలెన్ నుంచి. మనలో సగం మంది ఇళ్లున్న చోటు నుంచి. దాని మీద ఇంకేం రాయను.

ఇక ఈ ఉత్తరం రాయించిన మనిషి గురించి. మా అమ్మ సూర్యాపేట నుంచి రెండేళ్ల కింద ఎండాకాలం మా ఇంటికి వచ్చింది. మా ప్లేనో ఇంటి వెనక ఫెన్స్ మూలలో కలుపు మొలిచింది. పదిహేను రోజులకోసారి శుక్రవారం వచ్చి గడ్డి కోసే అతను మందు కొట్టే డబ్బా పట్టుకుని అటు వెళ్తుంటే, మా అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. "వద్దు వద్దు బిడ్డా, అది గంగవాయిలి కూర!" అతనికేం తెలుస్తుంది తెలుగు. వంగి ఒక కాడ తుంచాడు, ఎర్రటి కాడ, దళసరి ఆకు, చూడగానే మొహం ఇంతయింది. "వెర్దొలాగస్!" అన్నాడు. ఇద్దరూ ఒకే ఆకుని చెరోవైపు పట్టుకుని చెరో భాషలో దాన్ని ఎలా వండాలో చెప్పుకున్నారు. వాళ్లమ్మ పచ్చి టమాటాల పులుసులో పంది మాంసంతో వండుతుందట, అది నేను ఫోన్లో చూసి చెప్తే మా అమ్మ "అయ్యో రామ" అని నవ్వి, మేం పప్పులో వేస్తామని కందిపప్పు డబ్బా తెచ్చి చూపించింది. సగం అతను కోసుకున్నాడు, సగం మేం. ఆ సాయంత్రం పప్పు స్టీలు గిన్నెలో పెట్టించి ఉంచింది, తర్వాతిసారి వచ్చినప్పుడు ఇచ్చింది (ఫ్రీజర్లో పెట్టాం లెండి).

గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు. ముళ్లు చెక్కేసి కోసిన పచ్చటి ముక్కలు ఉన్నాయి అందులో. నోపాలెస్. మా అమ్మ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి "ఇది నాగజెముడు కదనే, చేనుకి కంచె పెడతాం, తింటారా దీన్ని?" అంది. తిన్నాం. బెండకాయలా జిగురు, కొంచెం పులుపు, నూనెలో బాగా వేయించి కారం చల్లితే బాగానే ఉంది. మన దగ్గర కంచెలకి పెట్టే నాగజెముడు కూడా ఆ దేశాల నుంచి వచ్చిందేనట. మిరపకాయ అక్కడిదే. టమాటా, బొప్పాయి, జామ, వేరుశనగ, సీతాఫలం, సపోటా అన్నీ అటునుంచి వచ్చినవే, సపోటా అనే పేరు కూడా మెక్సికో పాత భాష నహువాత్ల్‌లోదే. గుంటూరు కారం మాదని మనం ఛాతీ చరుచుకుంటాం, చరుచుకోండి, బాగుంటుంది, కాని విత్తనం ఎవరిదో ఒకసారి చెప్పుకుంటే పోయేదేం లేదు.

మా అమ్మ ఆ మొదటి గంటలోనే అతని పేరు, ఊరు, ఎంతమంది పిల్లలు, తల్లి బతికుందా అన్నీ తెలుసుకుంది. చేతులతోనే. నాలుగేళ్లుగా మా ఇంటికి వస్తున్న మనిషి. నా ఫోన్లో అతని నంబరు 'లాన్ అమిగో' అని ఉంది.

మనం ఉండే ఊరు పేరు ప్లేనో. స్పానిష్‌లో చదునైనది అని. ఫ్రిస్కో పేరు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి తెగిన ముక్క. ఆదివారం సాయంత్రం జెర్సీలు వేసుకుని మనవాళ్లు అరిచే టీమ్ పేరు కౌబాయ్స్, ఆ కౌబాయ్ పని నేర్పిందే మెక్సికన్ వకేరోలు, అంటే గుర్రాల మీద పశువులు కాసేవాళ్లు, రాంచ్, రోడియో, లాసో అన్నీ వాళ్ల మాటలే. టెక్సస్‌లో 2020 జనాభా లెక్కల ప్రకారం ప్రతి ఐదుగురిలో ఇద్దరు హిస్పానిక్. వాళ్లలో కొన్ని కుటుంబాలు ఇది అమెరికా కాకముందు నుంచీ ఇక్కడే ఉన్నాయి. మనం 'వాళ్లు వచ్చారు' అంటాం.

బంతిపూల సంగతి చెప్పి అసలు అడగాల్సింది అడుగుతాను. ఇక్కడ తంగేడు దొరకదు, గునుగు ఎవరింటి పెరట్లోనో కాస్త, అందుకని మన బతుకమ్మలో ముప్పావు వంతు బంతే. ఆ బంతి పుట్టింది మెక్సికోలో. అక్కడ దాన్ని సెంపసూచిల్ అంటారు, పాత భాషలో ఇరవై పువ్వు అని అర్థం. నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దలు ఇంటికి వస్తారని గడప నుంచి పటం దాకా ఆ పూల రేకులు పరిచి, పెద్దలకి ఇష్టమైన వంటలు పెడతారు. మనకి ఎంగిలిపూల బతుకమ్మ ఏ రోజు మొదలవుతుంది? పెత్రమాస రోజున. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చి, సాయంత్రం బంతిపూలు పేర్చి ఆడతాం. ఇది కాకతాళీయమే, చుట్టరికం కలపడం లేదు నేను. ఈ మాట ఒక లాటినా టీచరమ్మకి చెప్పాను మొన్న, ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "నేను చూడ్డానికి రావచ్చా" అంది.

కాబట్టి అడిగేది ఇది. ఈసారి స్టేజీ మీద అరగంట ఇవ్వండి, మెక్సికన్ జానపద నృత్యం నేర్పే బృందాలు మన చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి, వాళ్లని పిలవండి, పిలిస్తే ఫ్రీగా రమ్మనకండి, హైదరాబాద్ నుంచి వచ్చే సింగర్‌కి బిజినెస్ క్లాస్ టికెట్ కొన్న చేత్తోనే వాళ్లకీ చెక్కు రాయండి. దయచేసి పెద్ద టోపీ, అతికించుకునే మీసం పెట్టి ఫోటో బూత్ మాత్రం వద్దు, రెండేళ్ల కింద ఒకరి పుట్టినరోజుకి మనవాళ్లు పెట్టారు. తలపాగా చుట్టుకుని బూర ఊదుతూ పామునాడించి అదే ఇండియా అంటే మనం ఊరుకుంటామా. సావనీర్లో రియల్ ఎస్టేట్ యాడ్లు పదిహేను పేజీలుంటాయి, ఒక పేజీ నాకివ్వండి, మెండెజ్ కుటుంబం కథ తెలుగులో రాసిస్తాను.

రాజకీయాలు మన సంఘంలో వద్దు అంటారు, తెలుసు. నేనూ వద్దనే అంటున్నా. హిస్పానిక్ వాళ్లలో రెండు పార్టీలకీ ఓటేసేవాళ్లున్నారు, సరిహద్దు కాసే బోర్డర్ పెట్రోల్‌లో దాదాపు సగం మంది వాళ్లే. ఎవరికి ఓటేయాలో చెప్పమని అడగట్లేదు. ఇమిగ్రేషన్ వాళ్లు జనాన్ని పట్టుకెళ్లే రెయిడ్ల వీడియోలు పెట్టి కింద నవ్వే బొమ్మలు పెట్టడం ఆపమని గ్రూపు అడ్మిన్‌లు ఒక మాట చెప్తే చాలు, రేపు హెచ్-1బి మీద ఎవడో అలాగే నవ్వుతుంటే మనకి ఎలా ఉంటుందో ఇప్పటికే కొంచెం రుచి చూశాం కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది హాలు సంగతి. మనం ప్రతి ఏడాదీ గంట ఆలస్యం చేస్తాం. ఆ గంటకి హాలు వాళ్లకి మనం కట్టే ఫైన్ ఎవరి జేబులోకి పోతోందో, చెత్త ఎత్తే ఆడవాళ్లకి ఆ గంట కూలి వస్తోందో లేదో, ట్రెజరర్ గారు ఈసారి ఒప్పందం రాసుకునేటప్పుడు అడగండి. రాకపోతే మన ఖాతాలోంచి ఇద్దాం, దానికి నా వంతు నేను ముందే పంపిస్తా. భోజనాలు మొదలుపెట్టేటప్పుడు వాళ్లకీ, సెక్యూరిటీ వాళ్లకీ ముందు వడ్డించండి, మిగిలింది కట్టివ్వడం కాదు. ప్లేట్లు ఎవరివి వాళ్లు ఎత్తుకోవాలని మైకులో అన్న చెప్పాలి, తెలుగులోనే, నవ్వకుండా.

పోయినేడు ఆ రాత్రి నేను వెనక్కి వెళ్లి వాళ్లిద్దరితో పాటు కాసేపు పూలు ఏరాను. పాడవని బంతిపూలు ఒక కవర్లో విడిగా పెట్టుకుంటోంది పెద్దావిడ, ఇంటికి తీసుకుపోవచ్చా అని సైగ చేసింది, తీసుకోమన్నాను. పేర్లు అడిగాను. చెప్పారు, నేను రెండుసార్లు తప్పుగా పలికితే సరిచేశారు. ఈ రోజుల్లో అలాంటి పేర్లు పదిమంది చదివేచోట రాయకూడదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. వచ్చే ఆదివారం మీటింగ్‌లో చెప్తాను. స్టేజీ మీద అన్నకి పలకడం నేనే నేర్పిస్తాను.

ఇట్లు,
మీ పాత సభ్యురాలు, ప్లేనో